పిల్లలు ఉన్నాయా, ఉన్నారా?

మా పాపకి తొమ్మిదేళ్లు. పుట్టిందీ పెరుగుతున్నదీ అమెరికాలో, షార్లెట్‌లో. తెలుగు బాగానే అర్థమవుతుంది, మాట్లాడమంటే మాత్రం నేలచూపులు చూస్తుంది. తప్పు చాలావరకు నాదే. అక్కడ ఆదివారం తెలుగు క్లాసులో నేనూ ఒక టీచర్ని. అది నోరు తెరవడం ఆలస్యం, దిద్దుతాను. రెండుసార్లు దిద్దించుకున్నాక మూడోసారి ఇంగ్లిష్‌లోకి వెళ్లిపోతుంది.

ఈసారి సెలవులకి జూన్ మొదట్లో మల్కాజిగిరిలో మా నాన్న ఇంటికి వచ్చాం. కింద అపార్ట్‌మెంట్ పిల్లలతో ఆడుకుంటే భాష దానంతటదే వస్తుందని నా ఆశ. వాళ్లు దీని యాస విన్నారో లేదో, అందరూ ఇంగ్లిష్‌లోకి దిగిపోయారు. వాళ్లకది ప్రాక్టీసు! రెండు రోజుల్లో నా ప్లాన్ అయిపోయింది.

హాల్లో మూడడుగుల అక్వేరియం ఉంది. నాన్నకి రిటైరయ్యాక పట్టుకున్న సరదా. అందులో నల్లచారల చేపలు రెండు. షాపతను జీబ్రా అని అమ్మాడట. అవి కాన్విక్ట్ సిచ్లిడ్‌లు, సొంతూరు మధ్య అమెరికా. పాతకాలపు ఖైదీ బట్టల్లా చారలుంటాయని ఆ పేరు. చాలా చేపల్లో రంగులు మగదానికే ఉంటాయి కానీ, వీటిలో పొట్ట మీద నారింజ రంగు పొలుసులు ఆడదానికి. దాన్ని చూసే జంట అని గుర్తుపట్టాను.

మృగశిర కార్తె రోజు అమ్మ కొరమీను పులుసు పెట్టింది. ఆ రోజు చేప తినాలి కదా, హైదరాబాద్‌లో ఆ పూట చేపల మార్కెట్లో కాలు పెట్టే సందుండదు. పాప పులుసు వంక, అక్వేరియం వంక మార్చి మార్చి చూసి పెరుగన్నం అడిగింది. అప్పుడు నాన్న దానికి ఊరి చెరువు కథ చెప్పారు. కొరమీను పిల్లలు ఎర్రగా, గుంపుగా నీటి మీదికొచ్చి తేలతాయి. తల్లీ తండ్రీ వాటి కిందే కాపలా ఉంటాయి. ఆ ఎర్రటి మచ్చ కనబడితే చాలు, అక్కడే గాలం వేసేవాళ్లట. "మరి బేబీస్?" అంది పాప. నాన్న కాసేపు మాట్లాడలేదు. "అప్పుడు మాకు ఆ సంగతి తట్టలేదు బిడ్డా" అన్నారు.

వారం తిరిగేసరికి, తొట్టిలో అడ్డంగా పడుకోబెట్టిన మట్టికుండీ లోపల ఆడది గుడ్లు పెట్టింది. తేనెరంగులో, ఆవగింజలంత. పగలూ రాత్రీ రెక్కలతో వాటికి విసురుతూనే ఉంది. తెల్లబడ్డవి బూజు పట్టినవి, వాటిని ఏరి తినేసేది. మగది మాత్రం బయట తిరుగుతూ, అద్దం తుడుద్దామని చెయ్యి పెడితే వచ్చి పొడిచేది.

మూడో రోజుకి గుడ్లు పగిలాయి. ఇంకా ఈదలేవు. కుప్పగా ఒకదాన్నొకటి అంటుకుని తోకలాడిస్తుంటే, కుండీలో ఏదో ఉడుకుతున్నట్టు ఉంది. ఆ సాయంత్రం పాప కేక పెట్టింది: "తాతా, తినేస్తోంది! అమ్మ తినేస్తోంది!" పరిగెత్తాం. ఆడది ఒక పిల్లని నోట్లోకి తీసుకుంది. రెండు మూడుసార్లు నమిలినట్టు చేసి, ఇసుకలో తవ్విన గుంటలో ఉమ్మింది. మళ్లీ వచ్చి ఇంకొకదాన్ని. చోటు మారుస్తోందన్నమాట. కుప్పంతా మారేదాకా పాప గాజుకి ముక్కు ఆనించి కదల్లేదు. అన్నీ తెలుగులోనే వ్యాఖ్యానించింది, నేను పక్కనే ఉన్నానన్న సంగతి మర్చిపోయి.

ఇంకో ఐదు రోజులకి ఈత మొదలైంది. "తాతా, పిల్లలు ఈదుతున్నారు!"

నేను ఊరుకోలేదు. "ఈదుతున్నారు కాదు, ఈదుతున్నాయి."

"మొన్న కింద పిల్లలు ఆడుకుంటున్నారు అన్నావు కదా?"

"వాళ్లు మనుషుల పిల్లలు. ఇవి చేపపిల్లలు."

"సో వాట్?"

నిజమే, సో వాట్? వ్యాకరణంలో దీనికి జవాబుంది, తొమ్మిదేళ్ల పిల్లకి చెప్పేది కాదు. నాన్న మా మాటలు విననట్టే కూర్చుని పిల్లల్ని లెక్కపెడుతున్నారు. తొంభై దాకా వచ్చి లెక్క తప్పారు.

అసలు కష్టం తిండి దగ్గర వచ్చింది. ఉడికిన గుడ్డు పచ్చసొన గుడ్డలో కట్టి పిండితే చాలని ఎక్కడో చదివి, రాత్రి పడుకునే ముందు నేనే కాస్త ధారాళంగా పిండాను. తెల్లారేసరికి నీళ్లు పాలలా ఉన్నాయి. సగానికి పైగా పోయాయి. పాప నాతో ఆ పూటంతా మాట్లాడలేదు, ఏ భాషలోనూ.

తర్వాత ఆర్టీమియాకి, అంటే ఉప్పునీటిలో బతికే బుల్లి రొయ్యపురుగులకి మారాం. షాపులో దాని గుడ్లు పొడిలా దొరుకుతాయి. నాన్న ప్లాస్టిక్ బాటిల్ అడుగు కోసి తలకిందులుగా కట్టి, లీటరు నీళ్లకి రెండు చెంచాల కల్లుప్పు వేసి, గాలి గొట్టం పెట్టారు. ఒక రోజు గడిస్తే నారింజరంగు దుమ్ములాంటి రొయ్యపురుగులు. బాటిల్ పక్కన టార్చ్ వెలిగిస్తే అవన్నీ వెలుగు దగ్గరికి చేరతాయి, డొల్లలు పైన తేలిపోతాయి. సన్నటి గొట్టంతో పీల్చి, నాన్న పాత పంచెముక్కలో వడకట్టి, మంచినీళ్లలో కడిగి వెయ్యడమే. పావుగంటలో ప్రతి పిల్ల పొట్టా నారింజరంగుకి తిరిగేది. ఎవరికి అందిందో ఎవరికి అందలేదో గాజులోంచే తెలిసిపోతుంది. ఈ పని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మొత్తం తాతామనవరాళ్లదే. "వడకట్టు, ఒలికిపోతుంది, చిటికెడు చాలు, ఆగు ఆగు": ఈ మాటలు నా ఆదివారం సిలబస్‌లో లేవు.

నీళ్లతో పెద్ద ఇబ్బంది రాలేదు. మా బోరు నీళ్లకి బకెట్ తెల్లగా పేరుకుపోతుంది, ఈ జాతికి అలాంటి నీళ్లు పడతాయి. నల్లా నీళ్లయితే క్లోరిన్ పోవడానికి ఒక రోజు బకెట్లో ఉంచేవాళ్లం. ఒకసారి గాలివాన రాత్రి కరెంటు పోయి పంపు ఆగిపోతే, నాన్న చీకట్లో నిలబడి మగ్గుతో తొట్టి నీళ్లే ఎత్తి ధారగా పోస్తూ గంటసేపు గాలి అందించారు. పాప టార్చ్ పట్టుకుంది.

జూలై ఆఖరుకి పిల్లలు ముప్పై చిల్లర మిగిలాయి, చారలు తేలాయి. సరిగ్గా అప్పుడే ఆడది మళ్లీ కుండీ శుభ్రం చెయ్యడం మొదలుపెట్టి, దగ్గరికొచ్చిన పిల్లనల్లా తరిమికొట్టింది. "అమ్మే ఎందుకు తరుముతోంది?" అని పాప అమ్మమ్మని అడిగింది. "మళ్లీ గుడ్లు పెడుతుందమ్మా" అంది అమ్మ, చిక్కుడుకాయలు వలుస్తూ. నాన్న పిల్లల్ని బాల్కనీలో టబ్బులోకి మార్చారు. కొన్ని చెరువులో వదులుదామన్నారు, నేను ఒప్పుకోలేదు. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా, మన జిలేబీ చేప, ఇప్పుడు ఏ చెరువులో చూసినా ఉంది. అదీ సిచ్లిడ్ జాతే. చివరికి సగానికి పైగా షాపుకే ఇచ్చేశారు.

సెప్టెంబర్లో ఒక ఆదివారం వీడియో కాల్. నేను వంటింట్లో గిన్నెలు సర్దుతున్నాను. పాప గొంతు వినిపించింది: "తాతా, పిల్లలు ఎలా ఉన్నారు?"

నాన్న ఫోన్ టబ్బు మీదికి వంచినట్టున్నారు, నీళ్ల చప్పుడు. లెక్కపెట్టడం వినబడింది. "పది మంది ఉన్నారు బిడ్డా. ఆగు, ఆ రాయి వెనక ఒకడు దాక్కున్నాడు. పదకొండు మంది."