నడుం మూడోసారి పట్టేశాక

మూడోసారి పట్టేసినప్పుడు నేనేమీ బరువులు మోయడం లేదు. కింద పడిన సాక్సు తీద్దామని వంగాను, అంతే. అటు లేవలేక, ఇటు కూర్చోలేక, మంచం అంచు పట్టుకుని ఆ సాక్సు వంక చూస్తూ ఓ ఐదు నిమిషాలు వంగే ఉండిపోయాను. మధ్యలో తుమ్ము వచ్చేలా అనిపించి ముక్కు నలుపుకుంటూ దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

మొదటిసారి వచ్చినప్పుడు ఫిజియో ఐదు వ్యాయామాలు రాసిచ్చారు. కాగితం ఫ్రిజ్‌కి అతికించి మూడు వారాలు బుద్ధిగా చేశాను, నొప్పి పోయింది, కొన్నాళ్ళకి కాగితమూ పోయింది. రెండోసారీ అదే కథ. మూడోసారి మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళడానికి మొహం చెల్లక ఇంకొకరి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ వంగమంది, తిరగమంది, కాలెత్తమంది, చివర్లో "పోయినసారి వ్యాయామాలు ఎన్నాళ్ళు చేశారు?" అంది. "నొప్పి తగ్గేదాకా చేశానండీ" అన్నాను, కాస్త గొప్పగానే. "తగ్గాక?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆవిడ కూడా క్లాసు పీకలేదు, మ్యాట్ పరిచింది.

ఆ రోజు ఆవిడ చెప్పినదాంట్లో నాకు బాగా తలకెక్కింది ఒక్కటే. వెన్నుపూసల్ని ఆనుకుని, వాటిని కదలకుండా పట్టి ఉంచే చిన్న కండరం ఒకటుంది, మల్టిఫిడస్ అంటారట. నడుం పట్టేసినప్పుడు నొప్పి ఉన్న వైపు అది చిక్కిపోతుంది. నొప్పి తగ్గితే అదీ దానంతటదే కోలుకుంటుందనుకుంటాం కదా, చాలామందిలో కోలుకోదు. అంటే మనకి బాగైపోయిందనిపించే రోజుకి లోపల పని సగంలోనే ఉంటుంది, మనమేమో సరిగ్గా ఆ రోజే మ్యాట్ చుట్టేస్తాం. ఇంటికొచ్చి వెతికితే 2001లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనం ఒకటి దొరికింది. మొదటిసారి నడుం నొప్పి వచ్చిన 39 మందిలో ఈ కండరానికి ప్రత్యేకంగా వ్యాయామం చేయించినవాళ్ళకి ఏడాదిలోపు మళ్ళీ నొప్పి వచ్చింది 30 శాతం మందికి, మామూలు వైద్యంతో సరిపెట్టినవాళ్ళలో 84 శాతం మందికి. చిన్న అధ్యయనమే, కానీ ఆ 84 శాతంలో నేనూ ఉన్నట్టే అనిపించింది.

నడుం బెల్టు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నేను రెండు కొన్నాను. వేసుకుంటే ధైర్యంగా ఉంటుంది, నిజమే. కానీ నొప్పి మళ్ళీ రాకుండా ఏది ఆపుతుందని 2016లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు బెల్టులూ, చెప్పుల్లో పెట్టుకునే ఇన్‌సోల్సూ పనిచేసినట్టు తేలలేదు, వ్యాయామం మాత్రం పనిచేసింది. నా బెల్టులు ఇప్పుడు అల్మారా పైన ఉన్నాయి.

పెద్ద వ్యాయామం కూడా అక్కర్లేదు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం 701 మంది మీద జరిగింది, అందరూ నడుం నొప్పి నుంచి అప్పుడే తేరుకున్నవాళ్ళు. మెల్లగా పెంచుకుంటూ రోజుకి అరగంట, వారానికి ఐదు రోజుల నడకకి తీసుకెళ్ళారు. నడిచినవాళ్ళలో సగం మందికి నొప్పి తిరిగి వచ్చేసరికి 208 రోజులు పట్టింది, నడవనివాళ్ళలో 112. చూశారా, అసలు రాకుండా పోవడం కాదు, దూరం జరగడం. ఇలా చెప్పుంటే నేను మొదటిసారే మానేసేవాణ్ణి కాదేమో.

నేను చేసేవి మూడే. అందులో నా పరువు తీసింది బర్డ్ డాగ్. చేతులూ మోకాళ్ళూ నేల మీద ఆనించి, కుడి చెయ్యి ముందుకీ ఎడమ కాలు వెనక్కీ చాపి ఓ పది సెకన్లు ఉండాలి. చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. "నడుం మీద నిండా నీళ్ళున్న గ్లాసు ఉందనుకోండి" అంది ఆవిడ. మొదటి రోజు నా గ్లాసు నాలుగో సెకనుకే ఒలికిపోయింది, నడుం ఒక పక్కకి వాలి, కాలు వణికి, చెయ్యి కిందపడి. పది సెకన్లు వణక్కుండా ఉండటానికి నెల పైనే పట్టింది. మిగతా రెండూ సైడ్ బ్రిడ్జ్ (పక్కకి పడుకుని మోచేతి మీద ఒళ్ళు పైకెత్తి ఉంచడం), కర్ల్ అప్ (వెల్లకిలా పడుకుని తలా భుజాలూ కాస్త పైకెత్తడం). మొత్తం పన్నెండు నిమిషాలు.

ఇదంతా నడుంకే అనుకోకండి. మా ఫ్రెండ్‌కి ఒకే చీలమండ నాలుగుసార్లు బెణికింది, ప్రతిసారీ వాపు తగ్గగానే ఆటకి వెళ్ళిపోయేవాడు. చీలమండ బెణికితే ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంటుతో పాటు పాదం ఎటు వాలుతోందో పసిగట్టే శక్తి కూడా దెబ్బతింటుంది, దాన్ని మళ్ళీ నేర్పాలి. ఇప్పుడు వాడు పళ్ళు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడతాడు, ఈమధ్య కళ్ళు మూసుకుని కూడా. ఆటకి ముందు స్ట్రెచింగ్ చేస్తే చాలనుకునేవాళ్ళకి ఇంకో మాట: 2014లో 25 ప్రయోగాల్ని కలిపి చూస్తే స్ట్రెచింగ్ వల్ల గాయాలు తగ్గినట్టు కనబడలేదు, కండబలం పెంచే వ్యాయామం చేసినవాళ్ళలో మాత్రం మూడో వంతు కన్నా తక్కువకి పడిపోయాయి. మానేసి మానేసి ఒక్క ఆదివారం రెండు గంటలు ఇరగదీయడం మాత్రం వద్దు. కండరం తొందరగానే అలవాటు పడుతుంది, దాన్ని ఎముకకి అతికించే టెండన్‌కి నెలలు పడుతుంది, తెగేది అక్కడే.

ఒకటి మాత్రం సీరియస్‌గా. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గుతున్నా, మూత్రం మీద అదుపు పోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, నొప్పితో పాటు జ్వరం ఉన్నా, వ్యాయామం ఊసెత్తకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

నేను మానకుండా చేస్తున్నానా అంటే, లేదు. పోయిన వారం నాలుగు రోజులు ఎగ్గొట్టాను, పని టెన్షన్ అని వంక. ఐదో రోజు పొద్దున బూట్లు వేసుకుంటుంటే కుడివైపు చిన్నగా పట్టినట్టయింది. ఇదివరకైతే ఆ రోజంతా మంచం దిగేవాణ్ణి కాదు. ఈసారి పదిహేను నిమిషాలు మెల్లగా నడిచొచ్చి, సైడ్ బ్రిడ్జ్ మోకాళ్ళ మీదే చేసి వదిలేశాను. మర్నాటికి తగ్గింది. తగ్గిందని తెలిశాక కూడా మ్యాట్ పరిచాను, అందుకు మాత్రం నన్ను నేనే మెచ్చుకున్నాను.