చట్టం 1856లో, పెళ్లి 1881లో

వితంతు వివాహాల చట్టం కలకత్తాలో పాసైంది 1856లో. కందుకూరి వీరేశలింగం పంతులు గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరు 11న. మధ్యలో పాతికేళ్లు. అన్నేళ్లూ చట్టం చట్టంలాగే ఉంది, గోదావరి ఒడ్డున మాత్రం ఒక్క పందిరీ లేవలేదు. "ఇంగ్లీషువాళ్లు వచ్చారు కాబట్టే బాగుపడ్డాం" అనేవాళ్లు తగిలినా, "వాళ్లొచ్చి అంతా చెడగొట్టారు" అనేవాళ్లు తగిలినా నాకు ముందు ఈ పాతికేళ్లే గుర్తొస్తాయి.

ఆ పెళ్లి ఎలా జరిగిందో చూడండి. వంటవాళ్లు రామన్నారు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు, వెలివేస్తామన్న బెదిరింపులు సరేసరి. పంతులు గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరికి వెళ్లి బిందెలతో నీళ్లు తెచ్చి వంట చేశారు. డబ్బు సాయం కాకినాడ పైడా రామకృష్ణయ్య గారిది, అండగా నిలబడింది పంతులు గారి దగ్గర చదువుకున్న కుర్రాళ్లు. ఇందులో దొరల చెయ్యి ఎంతుందో మీరే లెక్కేసుకోండి.

అలాగని ఏమీ లేదనీ అనను. అచ్చు యంత్రం ఉంది, పోస్టు ఉంది, ఇంగ్లీషు స్కూలు ఉంది. 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టి లంచగొండి ఉద్యోగుల దగ్గర్నుంచి భోగం మేళాల (వేశ్యల ఆటపాటల) దాకా అందర్నీ ఉతికి ఆరేసిన మనిషి, అచ్చు లేకపోతే ఊళ్లో ఒక మొండి పంతులుగానే మిగిలిపోయేవాడేమో. తమాషా ఏమిటంటే ఆయన్ని తిట్టినవాళ్లకీ అదే అచ్చు దొరికింది. కొక్కొండ వెంకటరత్నం పంతులు గారి ఆంధ్ర భాషా సంజీవని పత్రిక ఎదుటి పక్షాన నిలబడి జవాబులు చెప్పేది. పనిముట్టు ఒకటే, పట్టుకున్న చేతులు వేరు.

ఆ 1856 చట్టంలో ఎవరూ పెద్దగా మాట్లాడని ఒక ముక్క ఉంది. రెండో సెక్షన్ ప్రకారం మళ్లీ పెళ్లి చేసుకున్న వితంతువుకి మొదటి భర్త ఆస్తి మీద హక్కు పోతుంది. బ్రాహ్మణ వితంతువు సంగతి సరే, ఆమెకి అంతకుముందు మళ్లీ పెళ్లి అనే మాటే లేదు. కానీ మారుమనువు ఎప్పట్నుంచో ఆచారంగా ఉన్న కులాలు బోలెడు. ఆ ఆడవాళ్లకి ఈ చట్టం కొత్తగా ఇచ్చింది ఏమీ లేదు, పైగా ఉన్నది తీసేసుకునే సాకు అయింది. మద్రాసు, బొంబాయి, కలకత్తా హైకోర్టులు వాళ్లకి కూడా ఈ నియమమే వర్తిస్తుందని తీర్పులిస్తే, అలహాబాదు హైకోర్టు మాత్రం ఒప్పుకోలేదు. సంస్కరణ చరిత్ర అని మనం బళ్లో చదువుకున్నది ఎక్కువగా పై కులాల ఇళ్లలో జరిగిన చరిత్రే అని నాకు గట్టిగా అనిపించేది ఇక్కడే.

పై కులాల ఇళ్లలో ఏం జరుగుతోందో గురజాడ అప్పారావు గారు కన్యాశుల్కం తొలి కూర్పుకి (1897) ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఉంది. విజయనగరం మహారాజా విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో డబ్బు తీసుకుని చేసిన బ్రాహ్మణ పెళ్లిళ్ల జాబితా తీయిస్తే 1,034 తేలాయి, అదీ ఒప్పుకున్నవాళ్ల లెక్కే. వాటిలో అయిదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు 6, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లలకి పలికిన ధర 350 నుంచి 400 రూపాయలు. మహారాజా దీన్ని అదుపు చేయడానికి మద్రాసులో చట్టం తేబోతే అది ముందుకు సాగలేదు. జనం మతాచారాల జోలికి పోతే ఎక్కడ తిరగబడతారో అని సర్కారుకి ఎప్పుడూ గుండె దడే.

మతం సంగతికొస్తే ఒంగోలు వదిలిపెట్టి మాట్లాడలేం. 1876-78 కరువులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ల తవ్వకం కాంట్రాక్టు పట్టి, ఆకలితో ఉన్నవాళ్లకి పనిచ్చాడు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. కరువు పని నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు, తిండికోసం మతం మారారన్న మాట రాకూడదని. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అయినా "బియ్యం కోసం మారారు" అనే మాట ఈరోజుకీ వింటాం. యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ సాధకుడు, అంతకుముందు యోగ మార్గంలో ఉన్నవాడు, కరువుకి పదేళ్ల ముందే 1866లో క్రైస్తవుడై తన మనుషుల మధ్య బోధించుకుంటూ తిరిగాడు. ఆ మాట అనేవాళ్లకి ఈయన గుర్తుకురాడు. ఒక మనిషి ఆలోచించుకుని మారాడంటే నమ్మడానికి మనకి అంత కష్టమా!

ఇక నాకు బాగా ఒళ్లు మండే సంగతి. ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో ఉన్న భోగం కులపు కవయిత్రి. రాధికా సాంత్వనం ఆమె కావ్యం, 584 పద్యాలు. ఆమె పీఠికలో తన వంశాన్ని ఆడవాళ్ల వైపు నుంచి, నాయనమ్మ నుంచి చెప్పుకుంది, దాచుకోలేదు. 1887లో అచ్చయిన ప్రతిలో ఆ పీఠికా లేదు, కొన్ని పద్యాలూ లేవు. వీరేశలింగం గారు కవుల చరిత్రలో ఆమె గురించి రాస్తూ ఆమె వేశ్య అనీ, ఆ శృంగారం ఆడదాని నోట రావడం మాట అటుంచి వినడానికే తగదనీ తేల్చేశారు. వితంతువుల కోసం ఊరంతటినీ ఎదిరించిన మనిషే ఇది రాశాడు.

ఈ చూపు ఎక్కడిదంటే, ఆ రోజుల్లో ఇంగ్లీషు చదువుకున్న మగవాళ్లకి మంచి ఆడది అంటే ఒక కొత్త మూస వచ్చింది. చదువుకోవాలి, శుభ్రంగా ఉండాలి, భర్తకి తోడుండాలి, కోరిక గురించి మాత్రం నోరెత్తకూడదు. విధవకి ఆ మూసలో చోటుంది, భోగం మనిషికి లేదు. అశ్లీలం 1860 శిక్షాస్మృతిలో నేరంగా కూడా ఉంది.

బెంగుళూరు నాగరత్నమ్మ (తిరువయ్యారులో త్యాగరాజ సమాధికి గుడి కట్టించిన ఆవిడే) రాతప్రతి సంపాదించి, 1910లో వావిళ్ల ప్రచురణ సంస్థ వారి చేత పూర్తి పాఠం వేయించింది. తన పీఠికలో వీరేశలింగం గారినే నిలదీసింది. సిగ్గు అనేది ఆడవాళ్లకేనా, మగకవులకి అక్కర్లేదా, ఆయనే పరిష్కరించిన వైజయంతీ విలాసం కావ్యంలో ఇంతకంటే పచ్చిగా లేవా అని. జవాబు సర్కారు నుంచి వచ్చింది. 1911లో పుస్తకాన్ని నిషేధించి ప్రతులు పట్టుకుపోయారు. మొదట వేలెత్తి చూపింది మాత్రం తెలుగువాళ్లే.

నిషేధం ఎత్తేసింది టంగుటూరి ప్రకాశం గారు మద్రాసు ప్రధానిగా (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) ఉన్నప్పుడు. ఒకప్పుడు రాజమండ్రి మునిసిపాలిటీకి ఛైర్మన్‌గా చేసినాయన, పంతులు గారి ఊరివాళ్లని బాగా ఎరిగినవాడే. అదే ప్రెసిడెన్సీలో 1947లో దేవదాసీ నిషేధ చట్టం కూడా వచ్చింది, అంటే ముద్దుపళని పద్యాలకి విడుదల దొరుకుతున్న రోజుల్లోనే ఆమె లాంటివాళ్ల వృత్తికి చట్టం ముగింపు పలికింది. రెండిటినీ నేను కాదనను, కానీ వాటిని ఒకే వరసలో పెట్టి "సంస్కరణ" అని ఒక్క పేరు తగిలించడం నాచేత కాదు. రాధికా సాంత్వనం ఎప్పుడైనా చేతికి దొరికితే నాగరత్నమ్మ పీఠిక ఉన్న ప్రతి చూసుకోండి, పద్యాలకంటే ముందు అదే చదవండి.