టైటన్స్ సినిమా, మన డ్రిల్లు మాస్టారు

సంచికకి ఏదైనా రాయమని మన బ్యాచ్ వాళ్లు వెంటపడుతుంటే నాకు డ్రిల్లు మాస్టారి గురించే రాయాలనిపించింది. దానికి కారణం 2000లో వచ్చిన ‘రిమెంబర్ ద టైటన్స్’ అనే ఇంగ్లిష్ సినిమా. నేనిప్పుడు ఉండేది వర్జీనియాలో, ఆ కథ నిజంగా జరిగిన అలెగ్జాండ్రియాకి దగ్గర్లోనే. 1971లో ఆ ఊళ్లోని మూడు హైస్కూళ్ల పెద్ద తరగతుల పిల్లలందర్నీ టి.సి. విలియమ్స్ హైస్కూల్లో కలిపేశారు. దాంతో ఫుట్‌బాల్ టీమూ (మన ఫుట్‌బాల్ కాదులెండి, అమెరికావాళ్లది) ఒకటే అయింది, దాని పేరే టైటన్స్. పేరున్న తెల్ల కోచ్ బిల్ యోస్ట్‌ని కాదని నల్లజాతి కోచ్ హెర్మన్ బూన్‌ని పెట్టారు, యోస్ట్ ఆయన కింద పనిచేయడానికి ఒప్పుకున్నాడు. గెటిస్‌బర్గ్ క్యాంపులో బూన్ నల్ల పిల్లల్నీ తెల్ల పిల్లల్నీ ఒకే గదుల్లో పెట్టాడు. 13 మ్యాచ్‌లు ఆడి 13 గెలిచారు. సినిమాలో ఫైనల్ అంతా టెన్షనే గానీ అసలు స్కోరు 27-0! అన్నట్టు, ఆ విలియమ్స్ అనే ఆయన జాతులు కలిసి చదవడానికి అడ్డుపడిన విద్యాధికారి, బడికున్న ఆయన పేరు 2021లో గానీ తీసేయలేదు.

ఆ గదుల సీను చూస్తుంటే మన వాలీబాల్ టీమే కళ్ల ముందుకొచ్చింది. ఊళ్లో పిల్లలు, హాస్టల్ పిల్లలు కలిసే ఆడేవాళ్లం, నీళ్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరి గ్లాసు వాళ్లది. జోనల్ పోటీలకి వెళ్లినప్పుడు వేరే బడి తరగతి గదిలో నేల మీద దుప్పట్లు పరిచి, ఎవరి పక్కన ఎవరు పడుకోవాలో మాస్టారే చెప్పారు. బంతి లేపే లిఫ్టర్ పక్కన దాన్ని కొట్టే స్మాషర్. నేను స్మాషర్ని, మా లిఫ్టర్ హాస్టల్ కుర్రాడు. కులం మాటే ఎత్తలేదాయన, “రాత్రంతా మాట్లాడుకుంటే పొద్దున బంతి సరిగ్గా పడుద్దిరా” అన్నారంతే. నిజంగానే నిద్రపోలేదు, వాడు సినిమా కథలన్నీ డైలాగులతో సహా చెప్పాడు.

టైటన్స్ గెలిచారు కాబట్టి ఊరు ఊరంతా మెచ్చుకుంది, ఓడుంటే ఏమనేవాళ్లో! మనం రెండో మ్యాచ్‌లోనే ఇంటికొచ్చేశాం. ఊళ్లో మళ్లీ ఎవరి గ్లాసు వాళ్లదే అయింది, దాని గురించి మాస్టారూ ఏమీ చేయలేకపోయారు. కానీ మరుసటి ఏడాది టీమ్ ఎంపిక రోజున లిఫ్టర్‌గా వాడు తప్ప ఇంకెవరూ వద్దని మొదట అరిచింది ఊళ్లో పిల్లలమే.