షియాన్‌లో నేనాడిన అబద్ధం

నాన్‌జింగ్‌లో మా హాస్టల్ గేటు రాత్రి 11 గంటలకు మూసేస్తారు. మూసే ఆవిడను అందరూ ఆయీ అంటారు. మన పిన్నిగారు లాంటి పిలుపు. అయిదు నిమిషాలు ఆలస్యమైనా గేటు తీస్తుంది కానీ, రిజిస్టరులో పేరూ కారణమూ రాయించి, మా చైనీసు అక్షరాల్లో తప్పులు కూడా దిద్దుతుంది. వైద్యం చదవడానికి వచ్చి రెండేళ్లయినా చైనాలో రాత్రి ఎలా ఉంటుందో మాకు తెలియకపోవడానికి ఆవిడే కారణం. అందుకే 2019 అక్టోబరులో జాతీయ దినోత్సవానికి వారం సెలవులు రాగానే ఏడుగురం షియాన్‌కు బయలుదేరాం. గుంటూరు నుంచి నేను, ఒక కడప అబ్బాయి, మలప్పురం అమ్మాయి, మిగతా నలుగురూ వరంగల్ వాళ్లు.

రాత్రి రైలు. మూడంతస్తుల బెర్తుల్లో నాకు అన్నిటికంటే పైది దొరికింది. అక్కడ కూర్చునే వీలు లేదు, పాకడమే. పదింటికల్లా దీపాలు ఆర్పేశారు. ఆయీ ఇక్కడికీ వచ్చిందా అన్నాడు కడప అబ్బాయి.

పొద్దున దిగేసరికి ముందే డబ్బు కట్టిన హోటల్లో మా పాస్‌పోర్టులు చూసి, విదేశీయులకు గది ఇవ్వడానికి తమకు అనుమతి లేదన్నారు. ఆ మాట డబ్బు తీసుకునేటప్పుడు చెప్పాల్సింది. మా కాలేజీలో సీనియర్ ఒకామెది ఆ ఊరే. సీనియర్ అమ్మాయిని అక్కడ షుయెజ్యే అంటారు, చదువులో అక్క. ఆ అక్క వచ్చి దక్షిణ ద్వారం దగ్గర ఒక హాస్టల్లో మాకు మంచాలు ఇప్పించి, మూడు రోజులూ మమ్మల్ని వదల్లేదు.

మట్టి సైనికులను చూడటానికి మర్నాడే వెళ్లాం. ఆ సెలవుల్లో అక్కడికి వెళ్లడమంటే పుష్కరాలకు వెళ్లడమే. ఒక చక్రవర్తి సమాధికి కాపలాగా పూడ్చిపెడితే, 1974లో రైతులు బావి తవ్వుతుంటే బయటపడ్డ సైన్యమిది. మొదటి గుంత 230 మీటర్ల పొడవు. అంత చోటు ఉండీ నాకు ఎక్కువగా కనిపించినవి ముందున్నవాళ్లు ఎత్తి పట్టుకున్న ఫోన్లే. అద్దాల పెట్టెలో మోకాలి మీద కూర్చున్న విలుకాడి దగ్గర మాత్రం కాసేపు నిలబడగలిగాను. బొమ్మ వెనక వైపుకు వెళ్లి చూస్తే చెప్పు అడుగు కనబడుతుంది. దాని మీద కుట్లు వరసలు వరసలుగా చెక్కారు. సమాధిలో పూడ్చిపెట్టే బొమ్మ చెప్పు అడుగు ఎవరు చూస్తారని అంత పని చేశాడో ఆ కుమ్మరి!

సాయంత్రం హుయీ ముస్లింల వీధికి వెళ్లాం. మాంసం ఏమిటని అడగకుండా తినడం చైనాలో తనకిదే మొదటిసారి అని మలప్పురం అమ్మాయి ఒక్కో బండి దగ్గరా ఆగింది. నేను మాత్రం పావ్‌మో అనే వంటకం దగ్గర ఇరుక్కుపోయాను. పెద్ద గిన్నె, రెండు గట్టి రొట్టెలు ముందు పెట్టి వెళ్లిపోతారు. తుంచుకోవడం మన పని. చపాతీ తుంచినట్టు తుంచి ఇస్తే, వడ్డించే ఆయన గిన్నెలోకి చూసి, మాట్లాడకుండా మళ్లీ నా ముందే పెట్టాడు. ముక్క శనగబద్దంత ఉండాలట. అరగంట తుంచితే బొటనవేళ్లు ఎర్రబడ్డాయి. అప్పుడు వంటింట్లోకి తీసుకెళ్లి మేకమాంసం పులుసులో ఉడికించి తెచ్చారు. తుంచిన కసికైనా గిన్నె ఖాళీ చేయాల్సిందే.

పక్క దుకాణంలో బెల్టంత వెడల్పున్న బియాంగ్‌బియాంగ్ నూడుల్స్. ఆ పేరు రాయడానికి వాడే అక్షరానికి 50కి పైగా గీతలున్నాయి, ఆయీ రిజిస్టరులో అది రాయాల్సి రాకపోవడం మా అదృష్టం. నూడుల్స్ మీద మిరప్పొడి కుప్పగా పోసి, దాని నెత్తిన కాగిన నూనె పోస్తే చుయ్‌మంది. కళ్లు మూసుకుంటే మా వంటింట్లో తాలింపే. ఎరుపు ఘనంగా ఉంది కానీ కారం లేదు. గుంటూరు వాణ్ని కదా, ఆ మాట అనకుండా ఉండలేకపోయాను.

అక్కడి నుంచి పెద్ద అడవిబాతు గోపురానికి వెళ్లాం. రాత్రి తొమ్మిదైనా తిరునాళ్లలా ఉంది. టాంగ్ రాజుల కాలపు పట్టుబట్టలు అద్దెకు కట్టుకుని, జడల్లో పూలు పెట్టుకున్న అమ్మాయిలు గుంపులు గుంపులుగా తిరుగుతున్నారు. దీపాల వెలుగులో గోపురం ముందు చేతికర్రతో ఒక సన్న్యాసి విగ్రహం. మనం బడిలో హుయాన్‌త్సాంగ్ అని చదువుకున్నామే, ఆయనే. భారతదేశం నుంచి తెచ్చిన గ్రంథాలు దాచడానికి 652లో ఈ గోపురం కట్టించాడు.

"ఆయన మీ వైపు కూడా వచ్చాడు కదా, ధాన్యకటకంలో ఉండి చదువుకున్నాడు. ఆ స్తూపం చూశావా?" అని అడిగింది అక్క.

ధాన్యకటకమంటే అమరావతి. మా ఇంటికి 35 కిలోమీటర్లు. అమరేశ్వరస్వామి గుడికి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు, స్తూపం వైపు ఒక్కసారీ పోలేదు. ఆ విగ్రహం ముందు నిలబడి లేదని చెప్పడానికి నోరు రాలేదు.

"చూశాను."

"దీనికంటే పెద్దదా?"

64 మీటర్ల గోపురం వైపు చూసి, "ఇంకా పెద్దది" అన్నాను.

ఆ తర్వాత పాటలు పాడుకునే గదికి వెళ్లాం. గంటల లెక్కన అద్దె, అర్ధరాత్రి దాటితే చవక. వాళ్ల యంత్రంలో తెలుగు పాటలు లేవు. ఫోన్లో పాట పెట్టి, దాన్ని మైకు దగ్గర పట్టుకుని నాలుగింటి దాకా పాడారు. పుచ్చకాయ ముక్కలు తెచ్చిన కుర్రాడు పళ్లెం పెట్టేసి, గుమ్మంలోనే చిన్న స్టెప్పు వేసి వెళ్లాడు. పదకొండు దాటినా ఎవరూ సంతకం అడగకపోవడం మాకు వింతగా ఉంది. నాకు మాత్రం గోపురం ఎత్తే గుర్తొస్తోంది.

మర్నాడు కోట గోడ మీద సైకిళ్లు తొక్కాం. చుట్టూ తిరిగితే 14 కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఆరు వందల ఏళ్ల ఇటుకల ఎత్తుపల్లాలన్నీ నా నడుముకు తెలుసు. మధ్యలో ఆగి ఇంటికి ఫోన్ చేశాను.

"నాన్నా, ఒకసారి అమరావతి వెళ్లి స్తూపం ఫోటో పంపుతారా?"

"మేమూ ఎప్పుడూ అటు పోలేదురా" అన్నారు నాన్న. వెనక నుంచి అమ్మ, "చైనా వెళ్లి అమరావతి అడుగుతున్నాడేమిటి?" అంటోంది.

నాన్‌జింగ్ తిరిగి వచ్చిన ఆదివారం ఫోటో వచ్చింది. గడ్డి మొలిచిన గుండ్రటి దిబ్బ, చుట్టూ కొన్ని రాళ్లు. పక్కన నెత్తిన రుమాలు వేసుకుని నాన్న. చాలా రాళ్ల కంటే ఆయనే ఎత్తు. అరగంట ఆలోచించి అక్కకు పంపాను.

"మిగతాది ఎక్కడ?" అని అడిగింది.

"కొంత చెన్నై మ్యూజియంలో, కొంత లండన్‌లో" అని రాశాను.