చెకుముకి తుపాకీని బాగుచేసి అమ్మాలంటే

అమెరికాలోని పెన్సిల్వేనియాలో క్రిస్మస్ వెళ్లాక జింకల వేటకు ఇంకో సీజన్ తెరుస్తారు. 1974లో మొదలైన ఈ సీజన్‌కు మూతి నుంచి మందు కూరే తుపాకీ తీసుకెళ్తే అది ఫ్లింట్‌లాక్, అంటే చెకుముకి రాయి రవ్వతో పేలే రకం, అయితీరాలి. అందుకే అక్కడ ఎప్పుడో కిట్‌గా కొని బిగించి మూలన పడేసిన రైఫిళ్లకు ఇప్పటికీ గిరాకీ ఉంది. గ్యారేజీలో చెక్కపని చేసుకునే అక్కడి మన తెలుగువాళ్ల కళ్లు వీటిమీద పడటంలో వింత లేదు.

కొనే ముందే వీసా సంగతి తేల్చుకోవాలి. హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లు సొంత వస్తువు ఒకటి అమ్ముకోవడం వేరు, వరసగా కొని, బాగుచేసి, లాభానికి అమ్మడం వేరు. రెండోది అనుమతి లేని పని కిందికి వస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నా, హెచ్‌-4 మీద పని అనుమతి ఉన్నా చేసుకోవచ్చు, వచ్చిన లాభం పన్ను లెక్కల్లో చూపాలి. 1968 నాటి ఫెడరల్ చట్టం ఈ రకం తుపాకులను పురాతన ఆయుధాల్లో కలిపి మామూలు తుపాకుల నిబంధనల నుంచి మినహాయించింది. అలాగని రాష్ట్రాలన్నీ అదే దారిలో లేవు. డెలావేర్ నది దాటి న్యూజెర్సీలో అడుగుపెడితే ఇదే రైఫిల్ కొనడానికి తుపాకీలు కొనేవాళ్లకిచ్చే ఐడీ కార్డు కావాలి. ఆ రాష్ట్రంలోని ఎడిసన్‌లో ఉన్న మిత్రుడికి అమ్మేముందు ఇది గుర్తుండాలి.

చేతికొచ్చిన ప్రతి పాత తుపాకీలో మందు కూరి ఉందనే అనుకోవాలి. కూరే కడ్డీని గొట్టం అడుగుదాకా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టండి. బయటకు తీసి గొట్టం పక్కన ఆనిస్తే కొస నిప్పురంధ్రం (గొట్టం పక్క నుంచి నిప్పు లోపలి మందుకు చేరే చిన్న రంధ్రం) దాకా రావాలి. ఒకటి రెండు అంగుళాలు తక్కువైతే లోపల గుండో మందో ఉన్నట్టే. దాన్ని తెలిసినవాళ్లతోనే తీయించాలి. ఆ తర్వాతే మిగతా పని.

అసలు విలువంతా లాక్‌లో, అంటే రాయిని కొట్టి నిప్పు పుట్టించే యంత్రంలో, ఉంటుంది. రవ్వలు రాయి నుంచి పుట్టవు, రాయి గీసినప్పుడు ఫ్రిజన్ అనే ఉక్కు పలక నుంచి లేచిన పొట్టే మండుతుంది. ఫ్రిజన్ మెత్తబడితే లోతైన గాట్లు పడతాయి, రవ్వలు రావు. మళ్లీ గట్టిపరచవచ్చు గానీ, కాల్చి నూనెలో ముంచి వదిలేస్తే పెళుసై పగులుతుంది, తర్వాత తక్కువ వేడిమీద మళ్లీ కాచి ఆ పెళుసుదనం తగ్గించాలి. ఉక్కు రకం తెలియకపోతే కొత్తది వేయడమే నయం. చెకుముకి రాయి వెడల్పు ఫ్రిజన్‌ను మించితే అంచు గొట్టానికి తగులుతుంది. రాయిని తోలుముక్కతో సుత్తి దవడల మధ్య బిగించాక, సుత్తిని సగం వెనక్కి లాగి ఎక్కుపెట్టినప్పుడు రాయికీ ఫ్రిజన్‌కీ మధ్య ఒకటిన్నర మిల్లీమీటర్ల ఎడం ఉంటే చాలు. దెబ్బ ఫ్రిజన్ పైభాగాన పడి కిందికి గీసుకుంటూ రావాలి. సగం ఎక్కుపెట్టిన చోట సుత్తి నిలవకుండా జారితే ఆ తుపాకీని అమ్మకూడదు. సుత్తిని అక్కడ ఆపే లోపలి గాటును ఆకురాయితో సరిచేద్దామనుకునేవాళ్లే ఎక్కువ చెడగొడతారు.

నిప్పురంధ్రం 1/16 అంగుళం ఉండాలి. కాల్చగా కాల్చగా 5/64 దాటి పెద్దదైతే వాయువు పక్కకు పోయి దెబ్బ బలహీనమవుతుంది, రంధ్రం లోపలి తొడుగు (లైనర్) మార్చాలి. రవ్వలు పడే దొన్నెలో మందు రంధ్రాన్ని కప్పేటంత పోస్తే వత్తిలా కాలి పేలడం ఆలస్యమవుతుంది. ఇది లాక్ తప్పు కాదని కొన్నవాడికి ముందే చెప్పడం మంచిది.

చెక్క విషయానికొస్తే, పులిచారల మేపుల్ అయితే అదృష్టమే. పాత వార్నిష్ గీకి, తడిపి, ఆరాక లేచిన నూగును 220 నంబరు గరుకు కాగితంతో, మళ్లీ తడిపి 320తో తీయాలి. ఫెర్రిక్ నైట్రేట్ ద్రావణం పూసి హీట్‌గన్ పడితే ఎర్రటి గోధుమ రంగు పట్టి చారలు పైకి తేలతాయి. వేడి చాలకపోతే పచ్చటి ఛాయ మిగిలిపోతుంది. పైన ఉడికించిన లిన్సీడ్ నూనె పల్చటి పూతలుగా వేయండి. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి గ్యారేజీలో పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి, నీళ్లున్న డబ్బాలో వేయాలి. చారలు లేని బీచ్ అనే చెట్టు చెక్కమీద రంగుతో చారలు గీయడం మాత్రం మాయ చేయడమే.

గొట్టానికి తుప్పురంగు పట్టించేటప్పుడు మూతి, నిప్పురంధ్రం మూసి, జిడ్డు లేకుండా తుడిచి, తుప్పు పట్టించే ద్రావణం పూసి తేమలో ఉంచాలి. చలికాలంలో హీటర్ ఉన్న ఇంట్లో గాలి పొడిగా ఉండి తుప్పు ఎక్కదు. వేడినీళ్ల ఆవిరి నిండిన బాత్రూమే దారి. నాలుగైదు పూతలయ్యాక వేడినీళ్లు, వంటసోడాతో కడిగి నూనె పట్టించాలి. లేకపోతే అమ్మాక కూడా తుప్పు పెరుగుతూనే ఉంటుంది.

వందేళ్లు దాటిన అసలు తుపాకీకి ఈ పనులేవీ చేయకండి. దాని మచ్చలే దాని ధర.

తుపాకీకున్న ఇత్తడి భాగాలమీద మన పేరు చెక్కించుకుంటే కొనేవాళ్లు తగ్గుతారు. ఇక పాతకాలంలో లాంకాస్టర్‌లో పేరుమోసిన రైఫిళ్ల పనివాడు జేకబ్ డికెర్ట్ పేరు చెక్కితే అది మోసం. మన పొడి అక్షరాలూ సంవత్సరమూ గొట్టం అడుగున, చెక్క కప్పే చోట వేస్తే చాలు. ప్రకటనలో కాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు), గొట్టం పొడవు, లాక్ తయారీదారు, మార్చిన భాగాలు రాసి, గొట్టం లోపలి ఫొటో జతచేయండి. బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్లటి తుపాకీ మందు) బదులు నేటి తూటాల్లో వాడే స్మోక్‌లెస్ పౌడర్ వాడితే గొట్టం పేలుతుందని విడిగా రాయాలి. కొత్త లాక్ ఒక్కటే రెండొందల డాలర్లు దాటడం మామూలే కాబట్టి గంటల కూలి గిట్టుతుందని ఆశపడొద్దు. చేత్తో పట్టుకు చూసి కొనేవాళ్లు ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ అనే ఊళ్లో జూన్, సెప్టెంబరు నెలల్లో జరిగే ఈ రకం తుపాకుల పోటీల దగ్గర దొరుకుతారు.

పార్సిల్ కట్టేముందు రాయి ఊడదీయాలి, మందు ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. విమానంలో బ్లాక్ పౌడర్ ఏ బ్యాగులో పెట్టినా నిషిద్ధమే. ఇండియాకు తిరిగొచ్చేవాళ్లు తుపాకీని అక్కడే అమ్మేసి రావాలి. మన ఏజెన్సీ ప్రాంతాల నాటు తుపాకీకి కావాల్సినట్టే, పేలే స్థితిలో ఉన్న దీనికీ ఇక్కడ లైసెన్సు కావాలి.