షియా యాన్ ఊళ్లో గూళ్ల లెక్క

షాంఘైలో ఆఫీసు పని శుక్రవారానికే తెమిలిపోయింది. తిరుగు విమానం సోమవారం. ఆదివారం పొద్దున్నే స్టేషన్లో పాస్‌పోర్టు చూపించి రైలెక్కితే గంటలో హాంగ్‌జౌ. అక్కడ వైద్యం చదువుతున్న కర్నూలు కుర్రవాడొకడు నాకోసం బయట నిలబడ్డాడు. నేను చీటీ మీద రాయించుకున్న చిరునామా చూసి ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"అంకుల్, ఇంత దూరం వచ్చి పడమటి సరస్సు చూడకుండా ఎవరి ఇల్లో చూస్తానంటారేమిటి?"

1900లో షియా యాన్ పుట్టిన ఇల్లు అది. అసలు పేరు షెన్ నైషీ. చైనాలో కమ్యూనిస్టు సినిమాకు తొలితరం రచయిత, తర్వాత పదేళ్లు ఆ దేశ సాంస్కృతిక శాఖలో ఉపమంత్రి. నాకు మాత్రం ఆయన పట్టుపురుగుల మనిషి. మాది హిందూపురం దగ్గర పల్లె. మల్బరీ తోట, పురుగుల షెడ్డు, పురుగులు గూడు కట్టే వెదురు చంద్రికల మధ్య పెరిగాను. రెండేళ్ల కిందట ఇంటర్నెట్‌లో 1933 నాటి మూకీ సినిమా ఒకటి కంటపడింది. చైనా రచయిత మావో దున్ రాసిన పట్టుపురుగుల కథకు షియా యాన్ స్క్రీన్‌ప్లే, చెంగ్ బుగావ్ దర్శకత్వం. పది నిమిషాలు చూద్దామని మొదలుపెట్టి చివరిదాకా కదల్లేదు. తట్టల్లో ఆకు చల్లే చేతులు మా అమ్మ చేతులే. ఒక్కటే తేడా: గూడు కట్టడానికి మేము వెదురు చంద్రికల మీదకు ఎక్కిస్తాం, వాళ్లు గడ్డి కట్టల మీదకు. అశుభమని పేరుపడ్డ ఆడమనిషిని పురుగుల దరిదాపులకు రానివ్వరు. ఆ పట్టింపులు మా ఇంట్లోనూ తక్కువేమీ కాదు. అప్పు చేసి ఆకు కొంటారు, గూళ్లు బ్రహ్మాండంగా దిగుతాయి. తీరా చూస్తే కొనేవాడు లేడు. షాంఘైలో యుద్ధం, ప్రపంచమంతా మాంద్యం, గూళ్ల నుంచి దారం తీసే రీలింగ్ ఫ్యాక్టరీలకు తాళాలు. పంట పోయి అప్పులపాలు కావడం ఎవరైనా రాస్తారు. పంట పండి అప్పులపాలు కావడం రైతుకే తెలుసు.

అది షియా యాన్‌కెలా తెలిసింది అన్నదే నా ప్రశ్న. జవాబు ఆ ఇంట్లోనే ఉంది. అపార్ట్‌మెంట్ల నడుమ తెల్లసున్నం గోడల ఇల్లు. అప్పట్లో అది కోటగోడ అవతలి పల్లె. మూడేళ్ల వయసులో తండ్రి పోయాడు, తల్లి పట్టుపురుగులు పెంచేది. కొన్నాళ్లు అద్దకం పనిలో కుదిరాడు, తర్వాత జపాన్ వెళ్లి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివాడు. 1927లో తిరిగొచ్చి, వేటలో చిక్కితే తల పోయే రోజుల్లో కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. 1932లో మారుపేరుతో షాంఘైలోని మింగ్‌షింగ్ సినిమా కంపెనీలో అడుగుపెట్టాడు. నూలుమిల్లుల్లో కాంట్రాక్టు మీద తల్లిదండ్రులు అమ్మేసిన ఆడపిల్లల గురించి రాయడానికి, తెల్లవారకముందే లేచి మిల్లుల దాకా వెళ్లి చూసి వచ్చేవాడు.

గదులన్నీ తిరిగి మళ్లీ మొదటి గదికే వచ్చాను. కుర్రవాడు గోడ మీది రాతలు చదివి చెబుతూ ఉపమంత్రి దగ్గర ఆగి, "మరి పెద్ద పదవే కదా?" అన్నాడు.

పెద్దదే. కానీ ఆ పదవి రాకముందు, 1951లోనే ఒక సినిమా వివాదంలో పత్రికకెక్కి తన తప్పులు తానే ఒప్పుకోవలసి వచ్చింది. ఆ కుర్చీలో కూర్చున్నవాడు ఇతరుల సినిమాలకు తలూపాలి, తన సినిమాకు తలవంచాలి. 1959లో వచ్చిన సినిమాకు షియా యాన్ మళ్లీ మావో దున్ కథకే స్క్రీన్‌ప్లే రాశాడు. దివాలా తీసిన చిన్న దుకాణదారు కథ. దుకాణదారు మీద జాలి చూపించాడని కొన్నేళ్లకు దాన్ని విషపు మొక్క అన్నారు. పట్టు రైతు దుఃఖం చూసిన కళ్లే అవి. దుకాణదారు వంతు వచ్చేసరికి మూసుకోమంటే ఎలా మూసుకుంటాయి? 1965లో పదవి పోయింది, మరుసటి ఏడాది పట్టుకుపోయారు. ఎనిమిదేళ్లకు పైగా నిర్బంధం. కాలు విరిగి, కుంటుకుంటూ 1975లో బయటపడ్డాడు. అయినా పార్టీని వదల్లేదు. ఆ విధేయత నాకిప్పటికీ మింగుడుపడదు. గౌరవించకుండానూ ఉండలేను.

1995లో బీజింగ్‌లో చనిపోయాక చితాభస్మం ఇక్కడి చియెన్‌తాంగ్ నదిలో కలిపారు. సరస్సు ఎగ్గొట్టి మధ్యాహ్నం ఆ ఒడ్డుకే వెళ్లాం. గోధుమరంగు నీళ్లు, బరువైన పడవలు, ఎదురుగాలి. కుర్రవాడు పాపం ఒక్క ఫొటో కూడా తీసుకోలేదు.

ఒడ్డునే కూర్చుని ఇంటికి ఫోను చేశాను. నాన్న అప్పుడే షెడ్డులోంచి వచ్చాడు. పురుగులు నాలుగోసారి పొర విడిచి, అదే మా మాటలో నాలుగో జ్వరం, లేచాయట, ఆకు ఎంత వేసినా చాలడం లేదట. సినిమా కథంతా చెప్పాను, జైలు సంగతీ చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"అదంతా సరేలేరా. ఇప్పుడక్కడ గూళ్లు కిలో ఎంత పలుకుతున్నాయో కనుక్కున్నావా?"

కనుక్కోలేదు. పక్కకు తిరిగి కుర్రవాణ్ని అడిగాను. వాడు ఫోను తీసి చైనా అక్షరాలు నొక్కడం మొదలుపెట్టాడు.