నాట్ రెలవెంట్

చిన్నదాని సోషల్ నోట్సు ఇంకా టేబుల్ మీదే తెరిచి ఉంది. మూసేద్దామని రెండుసార్లు లేచి వెళ్ళాను. రెండుసార్లూ ఆ ఎర్ర గీత చూసి తిరిగొచ్చాను. పదిన్నర అయింది. ఇక నిద్ర పట్టదని తెలిసిపోయి ఇక్కడ కూర్చున్నాను.

సంగతి చిన్నదే. ద్వీపాల్లో చేపలు పట్టి బతికేవాళ్ళ మీద వాతావరణ మార్పుల ప్రభావం గురించి ఐదు పాయింట్లు రాసుకుని రమ్మన్నారు. సముద్ర మట్టం పెరగడం, తుఫాన్లు, పగడాలు తెల్లబడడం, చేపలు దూరంగా వెళ్ళిపోవడం, ఉపాధి పోవడం. క్లాసులో అందరూ రాసినవే ఇదీ రాసింది. ఆరోది మాత్రం సొంతంగా చేర్చింది, అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్‌లో చేపలు పట్టే తెలుగు అన్న ఒకాయన చెప్పింది విని. ఆ ఆరోదాన్ని ఈ మూల నుంచి ఆ మూలకు కొట్టేసి పక్కన "నాట్ రెలవెంట్" అని రాశారు. పదికి ఎనిమిది.

మార్కులు పోతే పోనీ. ఆ నాలుగు వాక్యాల కోసం అది ఎంత కష్టపడిందో నేను చూశాను. అన్నకు వాయిస్ మెసేజ్ పెట్టడానికే రెండు రోజులు సిగ్గుపడింది. అక్కడి జంగ్లీఘాట్‌లో తెలుగు వినిపించి నేను నడిచేదాన్ని ఆగిపోవడం, వాళ్ళ తాతల ఊరు సిక్కోలు వైపని తెలియడం, ఎల్టీసీ టూర్‌లో నాకు మిగిలిన జ్ఞాపకం అదొక్కటేనని మీకు చెప్పి చెప్పి విసిగించాను కదా. ఆ అన్న నాలుగు నిమిషాలు మాట్లాడి పంపాడు, వెనక ఇంజిన్ చప్పుడు. చిన్నది ఆపి ఆపి వింటూ ఇంగ్లీషులో రాసుకుంది.

"సముద్రం వేడెక్కిందో నేదో నాకు తెల్దమ్మా. మా నాన్న పడవ కట్టీసిన గుంజ ఉండీది ఒడ్డున. ఇప్పుడు పోటొస్తే ఆ గుంజ కనబడదు. ముందర ఇక్కడిక్కడే దొరికీ చేపకి రెండు గంటలు ఇంజిను కొట్టుకుని ఎళ్ళాలి. గాలి ఎటు తిరుగుతాదో మా నాన్న పొద్దున్నే సెప్పీవోడు. నాను సెప్పలేకపోతన్నాను."

చిన్నది రాసింది ఈ గుంజ గురించే. దాన్నే కొట్టేశారు.

ఈయనకు చూపిస్తే "రెండు మార్కులకు ఇంత టెన్షన్ ఎందుకు" అని టీవీ సౌండ్ పెంచారు. అత్తమ్మ అయితే పిల్లనే అంది, సార్ చెప్పింది రాయక సొంత తెలివి ఎందుకని. నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోన్‌లో కొట్టి దించిన ఐదు పాయింట్లకు టిక్కులు పెట్టి, సముద్రంలో నిలబడి చెప్పిన మాటను తప్పంటారా? రేపు స్కూలుకు వెళ్ళి అడగాలని, ఏం అడగాలో కూడా మనసులో వరస కట్టుకున్నాను. వంట చేస్తూ అదే, గిన్నెలు సర్దుతూ అదే. చారులో ఉప్పు రెండుసార్లు పడింది.

అడగబోయే ముందు సరిగా తెలుసుకోవాలి కదా అని రాత్రి కాసేపు చదివాను. అక్కడే నా పౌరుషం సగం దిగిపోయింది. ఆ గుంజ మునగడానికి కారణం సముద్రం పెరగడం ఒక్కటే కాదు. 2004 డిసెంబర్ 26న వచ్చిన భూకంపానికి పోర్ట్ బ్లెయిర్ వైపు నేల దాదాపు ఒక మీటరు కుంగింది. దగ్గర్లోని సిప్పీఘాట్ పొలాల్లోకి వచ్చిన ఉప్పునీళ్ళు అక్కడే ఉండిపోయాయి. అదే రోజు ఉత్తరాన, దిగ్లీపూర్ వైపు, నేల పైకి లేచి పగడాలు నీళ్ళు లేక ఎండి చచ్చిపోయాయి. కాబట్టి టీచర్ కొట్టేయడంలో ఒక న్యాయం ఉంది. భూకంపాన్ని వాతావరణ మార్పు ఖాతాలో రాయకూడదు. ఆ మాట ఒక్క ముక్క పక్కన రాసి ఉంటే బాగుండేది, అంతే.

మరి అన్న చెప్పింది అబద్ధమా అంటే అదీ కాదు. 2010లో, 2016లో నీళ్ళు వేడెక్కి అండమాన్‌లో పగడాలు తెల్లబడ్డాయి. భూకంపానికి కుంగిన నేలా, వేడికి పోయిన పగడాలూ, పెద్ద బోట్లు ఊడ్చుకుపోయే చేపలూ, అన్నీ ఆయన ఒక్క పడవకే తగిలాయి. ఏది ఏ ఖాతాదో విడదీసి చెప్పమంటే ఆయన ఎలా చెబుతాడు?

లక్షద్వీప్ గురించి చదివింది ఇంకా వదలడం లేదు. అక్కడి మినికాయ్ దీవి వాళ్ళు సూర చేపను, అంటే ట్యూనాను, గాలం కట్టిన కర్రలతో ఒక్కొక్కటిగా పడతారు. దానికి బతికున్న చిన్న చేపలు ఎర. ఆ చిన్న చేపలను లగూన్‌లో, అంటే పగడాల గట్టు లోపలి లోతులేని నీళ్ళలో, పగడాల దగ్గర వలేసి పట్టి, పడవలోని నీళ్ళ తొట్టిలో బతికించి తీసుకెళ్ళి సముద్రంలో చల్లితేనే సూర పైకి వస్తుంది. 1998, 2010, 2016... ఇలా పదే పదే అక్కడి పగడాలు తెల్లబడ్డాయి. పగడం పోతే ఆ చిన్న చేపకు నీడ పోయినట్టే. ఎర దొరకని రోజు నడి సముద్రంలో ఎంత సూర ఉన్నా పడవ ఖాళీగా రావాల్సిందే.

చిన్న చేప అనగానే మామ గుర్తొచ్చాడు. ఎంత ఆపుకున్నా గుర్తొచ్చాడు.

వేసవి సెలవుల్లో మామ వాళ్ళ చెరువు నడుమ దిబ్బ చుట్టూ మాత్రమే నీళ్ళు మిగిలేవి. మిగతాదంతా పర్రెలు పట్టిన ఒండ్రు. మామ లుంగీ ఎగగట్టి మడమతో నొక్కుకుంటూ నడిచేవాడు. ఎక్కడో ఒకచోట ఆగి, వంగి, మోచేతి దాకా చెయ్యి దించి, బురదతో సహా కొర్రమీనును లాగేవాడు. నల్లగా, పాము తలలా తల. ఒకసారి నా చేతికిచ్చాడు. పట్టు జారి మళ్ళీ బురదలో పడి మాయమైంది, నేను ఏడ్చాను. "ఏడువకు బిడ్డా, అది ఏడికి వోతది, వానదాక గీడనే ఉంటది" అన్నాడు. తొలి వానకు పరకలు కాలువలో ఎదురెక్కేవి. అమ్మమ్మ కొంగుతోనే వాటిని ఎత్తేది. బూడిద వేసి బండకు రుద్దితే పొలుసు పోయి వెండిలా మెరిసేవి. ఆ వాసన ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా ముక్కుకు తగులుతోంది.

మొన్న దసరాకు వెళ్ళినప్పుడు మామ అన్నాడు, "బొచ్చెలు, రవులు ఏస్తున్నరు, తక్కెడల బాగనే తూగుతయ్, కాదంటలేను. మన పరకలు ఏడ వోయినయో ఎవలన్న అడిగిండ్రా?" కారణాలు ఒక్కోసారి ఒక్కోటి చెబుతాడు. మిర్చి తోటల మందు అంటాడు, జిలేబీ చేపలు గుడ్లు తినేస్తున్నాయంటాడు, పూడిక తీసినంక కొర్రమీనుకు ఒండ్రే లేదంటాడు, వానలు వరస తప్పాయంటాడు. 2023 జులైలో వాళ్ళకు దగ్గర్లోని ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ దెబ్బకు మామ వాళ్ళ చేపల సొసైటీ చెరువులో వేసిన చేపలన్నీ మత్తడి దుంకి వాగు పాలయ్యాయి. అదీ చెప్పాడు.

నేనేమన్నానో రాయడానికి చెయ్యి రావడం లేదు. "2016 నుంచి సర్కారు ఉచితంగా చేప పిల్లలు వేస్తోంది కదా మామా, ఇంకేంది బాధ" అన్నాను. ఎర్ర పెన్ను లేదు నా చేతిలో, అంతే తేడా. మామ ఇంకేం మాట్లాడలేదు. చిరిగిన వల ఒళ్ళోకి లాక్కుని కుట్టుకుంటూ కూర్చున్నాడు.

పూడిక తీయకపోతే యాసంగికి నీళ్ళెక్కడివి అని రైతులు అంటారు, అదీ నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇవాళ మధ్యాహ్నం బస్సులో మామ ఎండు పరకలు పంపాడు. పాత పేపర్‌లో చుట్టి, గుప్పెడు. అసలు సంతోషంగా రాయాల్సింది దీని గురించే. చింతపులుసులో వేస్తే చిన్నది మొదటిసారి అడిగి మళ్ళీ వేయించుకుంది. ఇవి ఎక్కడ దొరికాయో, ఎన్ని రోజులు ఏరితే ఇన్ని అయ్యాయో నేను అడగలేదు.

స్కూలుకు వెళ్ళడం మానేశాను. గుంజ ఎందుకు మునిగిందో చిన్నదానికి పొద్దున చెప్పాలి. మామకు ఫోన్ చేద్దామంటే పదకొండున్నర దాటింది. నాలుగింటికే లేచి వల తీయడానికి వెళ్తాడు. అలారం పెట్టుకున్నాను, ఆయన దిబ్బ దగ్గరికి పోకముందే చేస్తాను.